కార్తీకంలో ఎక్కడికి? – నవంబరు ప్రయాణాలు నేర్పిన పాఠాలు

దీపావళి వెళ్ళిన వారానికి ఢిల్లీలో మా కరోల్ బాగ్ రూపు మారుతుంది. అజ్మల్ ఖాన్ రోడ్డు మీద శాలువాలు, స్వెట్టర్లు గుట్టలు పడతాయి. ఆకాశం బూడిదరంగుకు తిరుగుతుంది. ప్రసాద్ నగర్ చెరువు చుట్టూ పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు. సరిగ్గా అప్పుడే మన తెలుగు ఇళ్ళలో ఒక మాట మొదలవుతుంది: "నాలుగు రోజులు ఎక్కడికైనా పోయొద్దాం. జనం ఉండరు, ధరలూ తక్కువ. కానీ ఎక్కడికి?"

నా ఉద్యోగం, కాపురం, పిల్లల చదువులు అన్నీ ఈ పేటలోనే సాగాయి. ఇంట్లోవాళ్ళతోనూ ఇరుగుపొరుగు తెలుగు కుటుంబాలతోనూ ఏటా ఈ రోజుల్లో బయల్దేరడం నాకు అలవాటు. ఆ తిరుగుళ్ళలో నాకు బోధపడింది ఒక్కటే. ఊరి పేరు చూసి ప్రయాణం పెట్టుకోకూడదు. ఆ నెలలో ఆ ఊరు ఏ పని మీద ఉందో చూసి పెట్టుకోవాలి. అక్టోబరు చివర్లో కాశ్మీరుకు వెళితే పాంపోర్ పొలాల్లో కుంకుమపువ్వు కోస్తూ ఉంటారు, చినార్ ఆకులు ఎర్రబడుతూ ఉంటాయి. నవంబరు నెలాఖరుకు వెళితే ఆ రెండూ అయిపోయి ఉంటాయి. మూడు నాలుగు వారాల తేడాలో చూసేదే మారిపోతుంది. కింద రాసిన పాఠాలన్నిటికీ ఇదే మూలం.

1. ముందు ఎవరి సెలవులో చూడండి

ఊళ్ళో జనం రద్దీ వాతావరణాన్ని బట్టి కంటే సెలవులను బట్టి వస్తుంది. దసరాకు బెంగాలీ కుటుంబాలు పూజా సెలవుల్లో నైనీతాల్, సిమ్లా, మనాలీ నింపేస్తాయి. దీపావళి నుంచి లాభపంచమి దాకా, ఆ తరవాత ఇంకో నాలుగు రోజులు గుజరాతీ కుటుంబాలు ఉదయపూర్, మౌంట్ అబూ దారిలో ఉంటాయి. డిసెంబరు ఇరవై దాటితే క్రిస్మస్, కొత్త సంవత్సరం సందడి. దీపావళి రద్దీకీ ఈ రద్దీకీ మధ్య, కార్తీక పౌర్ణమి వెళ్ళిన దగ్గర్నుంచి డిసెంబరు మూడో వారం దాకా ఉన్న రోజులే మనవి.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. మనం క్షీరాబ్ది ద్వాదశికి తులసికోట దగ్గర దీపాలు పెట్టే ముందు రోజు ఏకాదశిని ఇక్కడివాళ్ళు దేవ్ ఉఠనీ ఏకాదశి అంటారు. ఆ రోజుతో ఉత్తరాదిలో పెళ్ళిళ్ళు మొదలవుతాయి. కరోల్ బాగ్‌లో ఉన్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. లెహంగాల కొట్లూ నగల దుకాణాలూ కిటకిటలాడతాయి, పెళ్ళి బజారుకు వచ్చినవాళ్ళతో మన లాడ్జీలు నిండుతాయి. జైపూర్, ఉదయపూర్‌లలోనూ అంతే. రాజస్థాన్‌కు ఈ కాలం అసలు సీజనే. పుష్కర్ మేళా కార్తీక పౌర్ణమితో ముగుస్తుంది, కాశీలో దేవ్ దీపావళి సరిగ్గా ఆ రోజే. ఆ వైభవం చూడాలనుకుంటే జనానికి సిద్ధపడి వెళ్ళండి. ప్రశాంతత కావాలంటే పౌర్ణమి దాటనివ్వండి.

మనం ఎక్కడికి వెళ్ళినా ఢిల్లీ కార్లు శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం తిరుగుముఖం పడతాయి. సెలవు దొరికేవాళ్ళు ఆదివారం బయల్దేరి గురువారానికి తిరిగి రావడం మేలు.

2. ఊపిరి కోసం వెళ్ళేవాళ్ళు పొగ దాటేదాకా వెళ్ళాలి

నవంబరులో ఢిల్లీ వదిలేవాళ్ళలో సగం మంది గాలి కోసమే వదులుతారు. 2019 నవంబరు 1న ఇక్కడి గాలి వల్ల ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించారు. బడులు మూసేశారు. అలాంటి రోజుల్లో కారెక్కి ఆగ్రాకో మథురకో వెళ్ళి "మార్పు కోసం వచ్చాం" అనుకుంటే ప్రయోజనం లేదు. ఆ పొగ ఢిల్లీ ఒక్కదానిదే కాదు. పంజాబు, హర్యానాల్లో వరికోతలయ్యాక కాల్చే దుబ్బుల పొగ, మన వాహనాల పొగ, దుమ్ము అన్నీ కలుస్తాయి. చలికి నేల దగ్గరి గాలి బరువెక్కుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా నిలుస్తుంది, గాలివాటం ఉండదు. దాంతో పొగ గంగా మైదానం పొడుగునా పరుచుకుని కూర్చుంటుంది. లక్నో, కాశీ కూడా ఆ మూత కిందివే.

దాన్ని తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఎత్తుకు ఎక్కడం, రెండోది దక్షిణానికి దూరం పోవడం. ముస్సోరీ, సిమ్లా రెండువేల మీటర్ల ఎత్తున ఉంటాయి, చాలా రోజులు ఆ పొగ పొరకు పైనే ఉంటాయి. శీతకాలం సాయంత్రాల్లో ముస్సోరీ నుంచి పడమటికి చూస్తే ఆకాశంలో గీత గీసినట్టు ఇంకో దిగంతం కనిపిస్తుంది. దాన్ని అక్కడ వింటర్‌లైన్ అంటారు. కింద దుమ్ము, పొగ పొర ఎక్కడిదాకా ఉందో అదే చెబుతుంది. బయల్దేరే ముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో మీరు వెళ్ళే ఊరి గాలి అంకె చూడండి. 400 దాటితే అది అన్నిటికంటే చెడ్డ వర్గం. ఉబ్బసం ఉన్నవాళ్ళకు హోటల్ కంటే ముందు చూడాల్సింది ఇదే.

3. తలుపులు మూస్తే స్వామి ఎక్కడికి దిగాడో కనుక్కోండి

ప్రతి కార్తీకంలోనూ మన ఊళ్ళ నుంచి చుట్టాలు ఫోను చేస్తారు: "నవంబరులో వస్తున్నాం, కేదారం, బదరీ చూపించు." వాళ్ళకు ముందుగా చెప్పాల్సిన సంగతులున్నాయి. దీపావళి మర్నాడు, అన్నకూట్ నాడు గంగోత్రి తలుపులు మూస్తారు. యమ ద్వితీయ, అంటే మనం భగినీహస్త భోజనం చేసే రోజున, కేదారనాథ్, యమునోత్రి మూస్తారు. బదరీనాథ్ తలుపులు మూసే ముహూర్తం విజయదశమి నాడు నిర్ణయిస్తారు. మామూలుగా అది నవంబరు రెండో సగంలో పడుతుంది. పూలలోయ అక్టోబరు 31తో మూత.

చాలామంది ఇక్కడితో ప్రయాణం మానుకుంటారు. నేను చెప్పేది, అసలు ప్రయాణం ఇక్కడే మొదలవుతుంది. తలుపులు మూసిన నాడు కేదారేశ్వరుడి పంచముఖ ఉత్సవమూర్తిని పల్లకిలో ఎక్కించుకుని కాలినడకన కిందికి తెస్తారు. దారిలో రాంపూర్‌లోనూ గుప్తకాశిలోనూ బస. మూడో రోజుకు ఉఖీమఠ్‌లోని ఓంకారేశ్వర ఆలయానికి చేరతారు. మళ్ళీ తలుపులు తెరిచేదాకా ఆరు నెలలూ పూజలు అక్కడే. కేదారంలో పూజలు చేయించే రావళ్ళు, అంటే ప్రధానార్చకులు, కర్ణాటక వీరశైవ సంప్రదాయం వాళ్ళు. అంత ఉత్తరాన దక్షిణాది సంప్రదాయం చూస్తే మనసుకు ధైర్యంగా ఉంటుంది. మన పెద్దలు హరికథల్లో చెప్పే ఉషా అనిరుద్ధుల పెళ్ళి ఈ ఉఖీమఠ్‌లోనే జరిగిందని స్థానికుల నమ్మకం. గుడి దగ్గర నిలబడి తలెత్తితే చౌఖంబా శిఖరాలు. నవంబరు రెండో సగంలో మద్మహేశ్వర్ పల్లకి కూడా ఈ గుడికే దిగివస్తుంది. అప్పుడు ఊరంతా జాతర.

శరీరానికి దీనివల్ల ఎంత తేడానో చూడండి. కేదారనాథ్ 3,583 మీటర్ల ఎత్తు. గౌరీకుండ్ నుంచి నడకో గుర్రమో డోలీయో కావాలి. ఉఖీమఠ్ సుమారు 1,300 మీటర్లు. హరిద్వార్ దాకా రైలు, అక్కడి నుంచి దేవప్రయాగ, రుద్రప్రయాగ మీదుగా కారు గుడి దాకా పోతుంది. మోకాళ్ళు అరిగిన అమ్మను మే నెల తొక్కిసలాటలో పైకి తీసుకెళ్ళలేనివాళ్ళు, అదే స్వామిని నవంబరులో ఉఖీమఠ్‌లో ఆమె కూర్చుని చూసేలా చేయగలరు.

మిగిలిన మూడు ధామాలకూ ఇలాంటి శీతకాల నెలవులున్నాయి. గంగమ్మ హర్సిల్ పక్కన ముఖ్‌బా గ్రామానికి వస్తుంది. యమునమ్మ ఖర్సాలీకి వస్తుంది. బదరీ నుంచి ఉద్ధవుడు, కుబేరుడు పాండుకేశ్వర్‌కు వస్తారు. ఆదిశంకరుల గద్దె జోషీమఠ్‌లోని నరసింహస్వామి గుడికి చేరుతుంది. సింహాచలం, యాదగిరిగుట్ట, అహోబిలం మొక్కుకునే మనకు ఆ నరసింహుడు పరాయివాడు కాడు. ఒక్క జాగ్రత్త: జోషీమఠ్‌లో 2023 జనవరిలో నేల కుంగి ఇళ్ళు బీటలు వారాయి. దర్శనం చేసుకుని, రాత్రి బసకు కిందనున్న పీపల్‌కోటికి దిగిపోవడం నాకు నచ్చిన పద్ధతి. ఇటీవల ఉత్తరాఖండ్ ప్రభుత్వం కూడా ఈ శీతకాల యాత్రను ప్రోత్సహిస్తోంది. దారిలో వివరాలు అడిగితే చెప్పేవాళ్ళు ఇప్పుడు ఎక్కువ.

4. మంచు కావాలా, కొండ కనబడాలా?

పిల్లలు మంచు అంటారు, పెద్దలు హిమాలయం చూడాలంటారు. ఈ రెండూ ఒకే నెలలో దొరకవు. మంచు కురిపించే పడమటి గాలులు బలపడేది డిసెంబరు చివర్లో, జనవరి, ఫిబ్రవరి నెలల్లో. నవంబరులో సిమ్లా, ముస్సోరీలకు మంచు కోసం వెళితే నిరాశ తప్పదు. కానీ వానలు వెలిసి, మంచు మబ్బులు ఇంకా రాని ఈ వ్యవధిలో శిఖరాలు కనిపించినంత స్పష్టంగా మరెప్పుడూ కనిపించవు. మే నెలలో అదే చోట నిలబడితే వేడి మసక తప్ప ఏమీ కనిపించని రోజులు ఎన్నో.

అందుకని కొండ చూడాలనేవాళ్ళను నేను కౌసానీ పంపిస్తాను. కాఠ్‌గోదామ్ దాకా రైలు, అక్కడి నుంచి అల్మోరా మీదుగా రోడ్డు. ఎత్తు 1,890 మీటర్లు. తెల్లవారుతూనే 7,120 మీటర్ల త్రిశూల్, 7,816 మీటర్ల నందాదేవి, ఆ తరవాత పంచచూలీ వరసగా వెలుగుతాయి. 1929లో గాంధీగారు ఇక్కడ కొన్నాళ్ళుండి తన గీతా వ్యాఖ్య అనాసక్తి యోగం మీద పనిచేశారు. ఆయన ఉన్న చోటు ఇప్పుడు అనాసక్తి ఆశ్రమం. కవి సుమిత్రానందన్ పంత్ పుట్టిన ఊరూ ఇదే. రెండు పగళ్ళు ఏమీ చేయకుండా కూర్చోవడానికి ఇంతకంటే మంచి ఊరు నేను చూడలేదు.

కొండలు వద్దనుకుంటే భరత్‌పూర్ ఉంది. శీతల దేశాల నుంచి బాతులు, కొంగలు అక్టోబరు నుంచి అక్కడి కేవలాదేవ్ పార్కుకు దిగుతాయి. 1985 నుంచి అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. లోపల కార్లు తిరగవు, రిక్షా మీద వెళ్ళొచ్చు. రిక్షా నడిపేవాళ్ళే పిట్టల పేర్లు చెబుతారు. అయితే ఆ చిత్తడి నేలకు నీళ్ళు బయటి నుంచే రావాలి. వానలు సరిగా పడని ఏడాది పక్షులు తగ్గుతాయి. ఫోను చేసి "ఈసారి నీళ్ళున్నాయా?" అని అడిగి మరీ వెళ్ళండి.

5. ఏడాది పొడుగునా జనం బతికే ఊరు ఎంచుకోండి

యాత్రికుల మీదే బతికే ఊరు సీజన్ అయ్యాక ఖాళీ అవుతుంది. యాత్ర ముగిశాక గౌరీకుండ్, సోన్‌ప్రయాగ వైపు వెళితే హోటళ్ళకు తాళాలు, నీళ్ళ గొట్టాల్లో గడ్డకట్టిన నీళ్ళు. అదే అల్మోరా అయితే కోర్టు, కాలేజీ, ఆసుపత్రి, లాలా బజారు అన్నీ మామూలుగా నడుస్తుంటాయి. వేడి వేడి భోజనం దొరుకుతుంది, బాల్ మిఠాయి దొరుకుతుంది, రాత్రి జ్వరం వస్తే మందుల షాపు దొరుకుతుంది. సిమ్లా ఒక రాష్ట్ర రాజధాని. అక్కడా జీవితం ఆగదు. 1903లో మొదలైన కాల్కా–సిమ్లా చిన్న రైలు 96 కిలోమీటర్ల దారి, 2008లో యునెస్కో జాబితాలో చేరింది. వేసవిలో సీటు దొరకని ఆ బండిలో ఈ రోజుల్లో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళొచ్చు.

ఏ ఊరు తెరిచి ఉంటుందో తెలుసుకోవడానికి కరోల్ బాగ్ వాళ్ళకు ఇంటి పక్కనే దారుంది. మన లాడ్జీల్లో, హోటళ్ళలో పనిచేసే కుర్రాళ్ళలో గఢ్వాల్, కుమావూ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళను అడగండి. రోడ్డు ఎక్కడ తెగింది, ఏ గుడి దగ్గర ఏ వారం జాతర, ఎవరింట్లో గది ఇస్తారు, అన్నీ వాళ్ళకు తెలుసు. ఫొటోలు చెప్పని సంగతులు వాళ్ళు చెబుతారు.

గది అద్దె ఈ రోజుల్లో బాగా తగ్గుతుంది. తగ్గినదాని మీద ఇంకా గీసి గీసి బేరమాడకండి. సీజన్ కాని రోజుల్లో వంటవాణ్ణి, గదులు తుడిచే మనిషిని పనిలో ఉంచుకున్న యజమాని మన కోసమే ఆ ఖర్చు భరిస్తున్నాడు. న్యాయమైన ధర ఇచ్చి, వేడినీళ్ళు, రజాయి, భోజనం వేళ ముందే మాట్లాడుకోండి. చలి ఊళ్ళో మన సుఖం ఆ మూడింటి మీదే ఉంది.

6. గది చూశాకే డబ్బు కట్టండి

ఇది నేను గట్టిగా చెప్పే మాట. 2019 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున మా కరోల్ బాగ్‌లోనే ఒక హోటల్లో మంటలు లేచాయి. 17 మంది ప్రాణాలు పోయాయి. వాళ్ళలో దూరప్రాంతాల నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్ళున్నారు. ఆ రోజు తరవాత ఏ ఊళ్ళోనైనా గదిలోకి వెళ్ళేముందు మెట్లు ఎటున్నాయో, రెండో దారి ఉందో లేదో, కిటికీ తెరుచుకుంటుందో లేదో చూడకుండా నేను సామాను దించను. మీ పిల్లలకూ ఆ అలవాటు నేర్పండి.

చలి ఊళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. బొగ్గుల కుంపటిని ఇక్కడ అంగీఠీ అంటారు. దాన్ని తలుపులు మూసిన గదిలో పెట్టుకుని నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. హోటల్ కుర్రాడు ప్రేమతో తెచ్చి పెట్టినా రాత్రి పడుకునే ముందు దాన్ని బయటికి పంపేయండి. ఇంకో రజాయి అడగండి.

7. పగటి పొద్దు చూసి లెక్క వేయండి

నవంబరు చివర్లో ఢిల్లీలోనే సూర్యుడు ఆరూ యాభై ప్రాంతంలో లేచి ఐదున్నర లోపే దిగిపోతాడు. లోయల్లో అయితే కొండ అడ్డం వచ్చి నాలుగింటికే ఎండ పోతుంది, ఆ క్షణం నుంచి చలి కొరుకుతుంది. వేసవిలో ఒక రోజులో చూసినన్ని చోట్లు ఈ రోజుల్లో చూడలేరు. కొండ దారిలో చీకటి పడ్డాక బండి నడపకూడదని కట్టడి పెట్టుకోండి. పొద్దున్నే బయల్దేరి నాలుగింటికల్లా బస చేరేలా దూరాలు కొలుచుకోండి. అలా కొలిస్తే మీ జాబితాలో సగం ఊళ్ళు వాటంతట అవే తప్పుకుంటాయి. మిగిలిన సగమే సరిపోతుంది.

డిసెంబరు వస్తే మైదానంలో మంచుపొగ దిగుతుంది. రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి, కొన్నిటిని ఫిబ్రవరి దాకా రద్దు చేస్తారు. అందుకే రైలు ప్రయాణానికి నవంబరే నయం. 2024 నవంబరు 1 నుంచి టికెట్టు 60 రోజుల ముందే ఇస్తున్నారు. ఇదివరకటి 120 రోజుల లెక్క మనసులోంచి తీసేయండి. నవంబరు చివరి ప్రయాణానికి సెప్టెంబరు చివర్లో కూర్చోవాలి.

8. మన ఊరి వైపు అయితే తుఫాను లెక్క మరవకండి

ఢిల్లీ తెలుగు పిల్లలు తాతగారి ఊరిని ఎండల్లోనే చూస్తారు. మామిడిపళ్ళు, ఉక్కపోత, ఎండిన కాలువలు – వాళ్ళకు ఊరంటే అదే. కార్తీకం చివర గోదావరి జిల్లాల్లో వరికోతలు, నూర్పిళ్ళు. ఊరు ఊరంతా పొలంలో ఉంటుంది. వీలున్నవాళ్ళు ఒక్కసారైనా పిల్లలకు ఆ రోజులు చూపించాలి. ఊరు పనిలో ఉన్నప్పుడే తాత ఏమిటో, నేల ఏమిటో వాళ్ళకు తెలుస్తుంది.

కానీ కోస్తాకు ఇవే తుఫానుల రోజులు. 1977 నవంబరు 19న దివిసీమ, 1996 నవంబరు 6న కోనసీమ, 2014 అక్టోబరు 12న విశాఖ మీద హుద్‌హుద్. ఈ తేదీలు మన ఇళ్ళలో ఎవరూ మరిచిపోలేదు. సముద్రతీరానికి వెళ్ళేవాళ్ళు రద్దుచేసుకోగల టికెట్లు తీసుకోండి, వారం ముందు నుంచి వాతావరణ శాఖ ప్రకటనలు చూడండి, వాయుగుండం మాట వినిపిస్తే పట్టుదలకు పోకండి. ఈ బెంగ వద్దనుకునేవాళ్ళకు తెలంగాణ లోతట్టు ప్రాంతం బాగుంటుంది. 1213 నాటి పాలంపేట రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చలిగాలి మొదలైన ఈ రోజుల్లో అక్కడ చెరువుగట్టు మీద నడవడం హాయి.

అరకు గురించి అందరూ అడుగుతారు. వలిసెపూలు పసుపు పరిచేది నవంబరులోనే, అక్కడ అదే నిండు సీజన్. వెళ్ళండి, కానీ వారం మధ్యలో వెళ్ళండి. శ్రీశైలం అయితే కార్తీక సోమవారాల్లో కాలు పెట్టే చోటుండదు. మార్గశిరం రానిచ్చి వెళితే మల్లన్న దర్శనం తీరిగ్గా అవుతుంది.

9. ఈ నెల పెద్దవాళ్ళది

మే, జూన్ నెలలు పిల్లల సెలవులవి, వాటిని వాళ్ళకే వదలండి. నవంబరు మాత్రం రిటైరైనవాళ్ళకు, ఊరి నుంచి వచ్చి మీ దగ్గరున్న అమ్మానాన్నలకు. ఢిల్లీలో ఈ రోజుల్లో వాళ్ళను మూసిన కిటికీల వెనక కూర్చోబెడితే దగ్గు, దిగులు రెండూ పెరుగుతాయి. డాక్టరుకు ఒకసారి చూపించి, రెండువేల మీటర్ల లోపు ఊరు ఎంచి, మందులు రెండు సంచుల్లో విడివిడిగా సర్ది తీసుకెళ్ళండి. నాలుగు ఊళ్ళు తిప్పవద్దు, ఒక్క ఊళ్ళో మూడు రాత్రులు ఉంచండి. గుళ్ళో వాళ్ళను ఎవరూ తోయరు, దుకాణదారుకు వాళ్ళతో మాట్లాడే తీరిక ఉంటుంది, పూజారి గోత్రం అడిగి మరీ అర్చన చేస్తాడు. వాళ్ళ నడక వేగానికి ఊరు సర్దుకునే రోజులు ఏడాదిలో ఇవే. ఇంట్లో ఎవరెవరు ఎప్పుడు సెలవు పెట్టాలో దసరాకు ముందే కూర్చుని మాట్లాడుకుని, అమ్మానాన్నల టికెట్లు మొదట తీయండి. మీవి వాళ్ళ పక్కన దొరికే సీట్లు.